తార్ ఉంది, నాకా లేదు

పొలంలోని మోటారు కొట్టానికో, గోదాముకో, పశువుల పాకకో దొంగల అలారం పెట్టించదలచిన మిత్రులకు నాదొక విన్నపం. ఏ కంపెనీ సెన్సారు మంచిదని నన్ను అడగకండి. ఆ సెన్సారు మోగిన అయిదు నిమిషాలలో అక్కడికి నడిచి రాగల మనిషి ఎవరో ముందు చెప్పండి. ఆ మనిషి పేరు మీ నోట వచ్చేదాకా మీరు కొనబోయేది అలారం కాదు. దొంగతనం జరిగిన సమయాన్ని సెకన్లతో సహా నమోదు చేసిపెట్టే ఖరీదైన గడియారం.

నేను కాపురముంటున్న చోటి పేరులోనే ఈ సంగతి ఉన్నది. 'తార్' అంటే ఉర్దూలో తీగ (రోడ్డు మీద పోసే తారు కాదు). 'నాకా' అంటే కాపలా చౌకీ. ఇప్పుడు ఫ్లైఓవరూ మెట్రో స్టేషనూ ఉన్న ఈ ప్రాంతం నిజాం కాలంలో తోట అనీ, తోట చుట్టూ ముళ్లతీగ, తీగ వద్ద ఒక చౌకీ ఉండేవనీ, అందువల్లనే ఇది తార్నాక అయిందనీ చెబుతారు. తీగ ఒక్కటే వేసి ఊరుకుని ఉంటే పేరు 'తార్' దగ్గరే ఆగిపోయేది. చెట్లకు పళ్లూ మిగిలేవి కావు. తీగ చేసే పని దొంగను ఆపటం కాదు. కాసేపు ఆలస్యం చేయటం, కాస్త అలికిడి పుట్టించటం. ఆపే పని చౌకీలోని మనిషిది. ఈ పని విభజన ఆనాటి తోటమాలికి తెలుసు. ఇంతింత చదువులు చదివిన ఈనాటి తార్నాక వాసులు మాత్రం మరిచిపోయారు.

తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి పొద్దున నడకకు పోయేవారిలో చాలామందికి ఘట్‌కేసర్ అవతలో, బీబీనగర్, భువనగిరి దాపులనో రెండు మూడెకరాల చెలక ఉంటుంది. పదవీ విరమణ చేసిన ఆచార్యులు, ప్రయోగశాలల్లో జీవితం గడిపిన శాస్త్రజ్ఞులు, బ్యాంకు అధికారులు. నడకలో రాజకీయాలు అయిపోయిన తరువాత మాట పొలాల మీదికి మళ్లుతుంది. ఇటీవల వినవచ్చే మాట ఒక్కటే: "కావలి వాళ్లతో వేగలేమండీ. పంపించేశాం. నాలుగు సెన్సార్లు కొట్టించాం. ఏం జరిగినా ఫోనుకే వస్తుంది." బాయికాడి రూములో పిల్లాపాపలతో ఉండే దంపతులను ఖాళీ చేయించి, వారి స్థానంలో నాలుగు తెల్లని ప్లాస్టిక్ డబ్బాలను గోడకెక్కించటమన్నమాట. దీనికి వారు చెప్పే సమర్థన మూడు వాక్యాలలో ఉంటుంది. మనిషి నిద్రపోతాడు, యంత్రం నిద్రపోదు. మనిషి దొంగతో కలిసిపోతాడు, యంత్రం కలవదు. మనిషికి నెలనెలా జీతం, యంత్రానికి ఒక్కసారే ఖర్చు. వినడానికి మూడూ బాగుంటాయి. మూడింటిలో ఒక్కటీ నిలవదు.

జీతం మాట తరువాత చెబుతాను. ముందు నిద్ర సంగతి. పొలంలోని అలారానికి ప్రాణం దాని బ్యాటరీ. తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత విద్యుత్తును 2018 జనవరి 1 నుంచి ప్రకటించారు. అయితే దొంగ మొట్టమొదట చేసే పని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పీకటం. కరెంటు మీద బతుకుతున్న కేబులును ఎవడూ కోయడు. కనుక అలారం బ్యాటరీ మీదనే మోగాలి. సాధారణంగా ఇచ్చేది 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. దాని పెట్టె మీద రాసిన ఆయుర్దాయం ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల వేడికి లెక్కకట్టినది. అంతకుమించి పదేసి డిగ్రీలు పెరిగినకొద్దీ ఆయుష్షు ఇంచుమించు సగానికి సగం తగ్గుతూ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కొట్టంలో వేడి ఎంత ఉంటుందో లోపలికి వెళ్లి పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. రెండు వేసవులు గడిచాక ఆ యంత్రం నిద్రపోవటం కాదు, కన్నుమూస్తుంది. ఎర్రదీపం మాత్రం కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. నిద్రపోయే కావలివాడిని కేక వేసి లేపవచ్చు.

ఇక ఆ తెల్లని డబ్బాల సంగతి. సెన్సారు అనగానే మనవాళ్లకు సినిమాలు గుర్తుకొస్తాయి. 'పసిగట్టు' అని తెలుగులో ఎంత చక్కని మాట ఉన్నది! దాని నుంచి ఒక పేరు పుట్టించవచ్చు. 'వేగు' అన్నా సరిపోతుంది. కాని దుకాణంలో 'నాలుగు వేగులివ్వండి' అంటే ఇవ్వరు కనుక సెన్సారు అనే రాస్తున్నాను. మన పొలాల్లో నూటికి తొంభై చోట్ల పెడుతున్నది పీఐఆర్ సెన్సారు. తన నుంచి ఏమీ వెలువరించకుండా, ఎదుటి వస్తువుల నుంచి వచ్చే ఉష్ణ కిరణాలలో మార్పును గమనించి ఊరుకుంటుంది. దాని లోపల వేడి తగిలితే విద్యుత్తు పుట్టే పలుక రెండు భాగాలుగా ఉంటుంది. ముందున్న గీతల గీతల ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర ఆకుల వలె ముక్కలు చేసి ఆ రెండు భాగాల మీదికి పంపుతుంది. మనిషి ఒక ముక్కలోంచి ఇంకొక ముక్కలోకి అడ్డంగా నడిస్తే ముందు ఒక భాగానికి, తరువాత రెండోదానికి వేడి తగులుతుంది. ఆ తేడాయే దొంగ.

తేడా అన్న మాటను బాగా గుర్తుపెట్టుకోవాలి. మనిషి చర్మం, బట్టల పైభాగం సుమారు ముప్పై నుంచి ముప్పై అయిదు డిగ్రీల వేడిలో ఉంటాయి. వెనుక ఉన్న గోడ ఇరవై రెండు డిగ్రీలలో ఉంటే మనిషి చీకట్లో దీపంలా కనిపిస్తాడు. గోడ కూడా ముప్పై నాలుగులో ఉంటే? నమ్మకం కుదరకపోతే మే నెలలో పొద్దుగుంకాక ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద అరచేయి ఆన్చి చూడండి. 1939లో ప్రారంభమైన ఆ గ్రానైటు కట్టడం పగలంతా తాగిన ఎండను చీకటి పడ్డాక చాలాసేపు కక్కుతూనే ఉంటుంది. రాయి చల్లగానూ తోచదు, వేడిగానూ తోచదు. అది మన ఒంటి వేడిలోనే ఉన్నదన్నమాట. ఆ మెట్ల మీద కూర్చున్న విద్యార్థులు పీఐఆర్ కంటికి సగం మాయమైపోయినట్లే. పొలంలో ఇటుక గోడ, సిమెంటు గచ్చు, పైన రేకు ఉన్న గది వేసవి సాయంత్రం ఏడు నుంచి రాత్రి పొద్దుపోయేదాకా ఇదే స్థితిలో ఉంటుంది. మంచి సెన్సార్లలో వేడి పెరిగినకొద్దీ చురుకుదనాన్ని పెంచే ఏర్పాటు ఉంటుంది, నిజమే. చురుకుదనం పెంచితే ఎలుకకూ, పిల్లికీ, తలుపు సందులోంచి వచ్చే వేడిగాలికీ కూడా మోగుతుంది. పది రాత్రులు వట్టినే మోగితే పదకొండో రాత్రి యజమాని దాని నోరు నొక్కేస్తాడు. దొంగతో కలిసిపోవటమంటే ఇంతకంటె ఏముంది?

మరొకటి. సెన్సారు వైపు నేరుగా నడిచివచ్చేవాడిని అది ఆలస్యంగా గుర్తిస్తుంది. అడ్డంగా పోయేవాడిని వెంటనే గుర్తిస్తుంది. అందువల్ల తలుపుకు ఎదురుగోడ మీద కాక పక్కగోడ మీద పెట్టాలి. బిగించేవారికి నిచ్చెన వేయటానికి ఎదురుగోడే వీలు, అందువల్ల అక్కడే పెడతారు. ఇంకొకటి కూడా చెప్పాలి. నిండా గొంగడి కప్పుకున్న మనిషి పైభాగం చుట్టుపట్ల గాలి వేడికి దగ్గరపడుతుంది. గొర్రెల కాపరి గొంగడి తెలంగాణ పల్లెలో ప్రతి ఇంటా ఉన్న వస్తువు. పైగా డబ్బా ముందు సాలీడు గూడు కట్టుకున్నదంటే, కటకం మీద పాకే ఆ చిన్ని జీవి ఏనుగంత దొంగగా లెక్కకొస్తుంది.

ఇవన్నీ చెబితే నడకమిత్రులలో కాస్త చదువుకున్నవారు, "మాది డ్యూయల్ టెక్నాలజీ" అని చిరునవ్వు నవ్వుతారు. అంటే పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉన్నదని. మైక్రోవేవ్ సెన్సారు 10 గిగాహెర్ట్జ్ పైచిలుకు తరంగాలను గదిలోకి వదిలి, తిరిగివచ్చే తరంగపు పౌనఃపున్యంలో మార్పు చూస్తుంది. ఎదురొచ్చే రైలు కూత మారినట్లు. దానికి వేడితో పని లేదు. అయితే గాలికి కొట్టుకునే వదులు రేకు దానికి కదిలే మనిషే, పీవీసీ పైపులో పారే నీరూ కదిలే మనిషే. ఈ రెండింటినీ కలిపి, రెండూ ఔనంటేనే మోగేటట్లు చేసినదే డ్యూయల్. వట్టి మోతలు తగ్గుతాయి, అది నిజమైన లాభం. కాని రెండూ ఔననాలి అన్న షరతు అర్థమేమిటి? వేసవి సాయంత్రం పీఐఆర్ గుడ్డిదైతే మైక్రోవేవ్ ఎంత గగ్గోలు పెట్టినా అలారం మోగదు. గుడ్డివాడు ఔనంటేనే ఊరు లేవాలన్న కట్టుబాటు వంటిది. ఎక్కువ డబ్బిచ్చి కొన్నందువల్ల ఈ తర్కం మారదు. ఇంట్లో, ఏసీ గదుల బ్యాంకులో ఇది మంచి సరుకే. రేకుల కొట్టానికి కాదు.

ఇంతకూ వీటన్నిటినీ మించిన అసంబద్ధత ఒకటున్నది. పొలంలో దొంగ కొట్టంలోకి రాడు. కొట్టంలో ఏముంది? స్టార్టరు డబ్బా, రెండు పాత గునపాలు, యూరియా బస్తాలు. దొంగకు కావలసినది రాగి. అది బోరు నుంచి స్టార్టరు దాకా నేల మీద పరుచుకుని ఉన్న కేబులులో ఉన్నది, కేసింగులోంచి వేలాడుతూ మోటారు దాకా దిగిన కేబులులో ఉన్నది, ట్రాన్స్‌ఫార్మరు పొట్టలో ఉన్నది. బయట నిలబడి రెండు కోతలు కోసి, చుట్ట చుట్టుకుపోయి, ఎక్కడో తుప్పల్లో పైతొడుగు కాల్చి రాగిని తూకానికి అమ్ముతాడు. ఆ సమయంలో మన సెన్సారు గది లోపల ఖాళీ గోడను రెప్పవేయకుండా చూస్తుంటుంది. రైతుకు పోయేది రాగి విలువ ఒక్కటే కాదు. పొట్టదశలో ఉన్న వరికి నాలుగు రోజులు నీరందకపోతే పోయేది పంట. కొత్త కేబులు, మోటారు పైకి తీసి దించే కూలి, ఆ నాలుగు రోజులు: మూడూ కలిపి చూసుకుంటే ఈ దొంగతనం ఎంత పెద్దదో తెలుస్తుంది.

కాబట్టి సెన్సారును ఎంచుకోవలసింది దుకాణంలో కాదు, పొలంలో నిలబడి, దొంగ చేయి ముందుగా దేని మీద పడుతుందో చూసుకుని. కేబులు మీద పడుతుందంటే కేబులునే సెన్సారు చేయండి. కేబులు నడిచే పైపులోనే సన్నని రెండు తీగల వైరు ఒకటి కలిపి తీసుకుపోయి, బోరు దగ్గర చివర ఒక చిన్న రెసిస్టరుతో ముడివేయాలి. అలారం పెట్టె ఆ తీగలో ఎల్లప్పుడూ కొద్దిపాటి విద్యుత్తు నడుపుతూ, దారిలో అడ్డు ఎంతున్నదో చూసుకుంటూ ఉంటుంది. తీగ తెగితే దారి మూసుకుపోతుంది. తెలివైనవాడు రెండు తీగలనూ కలిపి మెలిపెడితే అడ్డు మాయమవుతుంది. రెండు విధాలా మోగుతుంది. ఇందులో వేడి లేదు, సాలీడు లేదు, గొంగడి లేదు. మోటారు ఆన్ అయ్యే క్షణంలో పెద్ద కేబులు వల్ల కొంత అలజడి కలుగుతుంది గనుక, ఒక సెకను పాటు ఆగి చూసుకునే ఏర్పాటు పెట్టెలో ఉండాలి. ఖర్చు తీగ ఖరీదు, అంతే.

తలుపుకు అయస్కాంతపు కాంటాక్టు. ఇది అన్నిటికంటె చవక, అన్నిటికంటె నమ్మకమైనది, అందుచేతనే కాబోలు దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. అమెరికాలో అగస్టస్ పోప్ 1853లో పేటెంటు పుచ్చుకున్న దొంగల గంట కూడా తలుపుకూ కిటికీకీ తీగ కట్టినదే. తలుపు తెరుచుకుంటే గంట మోగుతుంది, వెంటనే మూసినా మోగటం ఆగదు. ఆ హక్కులు కొని వ్యాపారం చేసిన ఎడ్విన్ హోమ్స్‌కు తొందరలోనే ఒక సంగతి బోధపడింది: యజమాని ఊళ్లో లేనప్పుడు గంట ఎవరి కోసం మోగాలి? అందుకే 1870ల నాటికి న్యూయార్క్‌లో తీగలన్నీ ఒక కేంద్రానికి తెచ్చి, అక్కడ మనుషులను కూర్చోబెట్టాడు. తార్ తరువాత నాకా అవసరమని ఆయనకూ తెలిసివచ్చిందన్నమాట. ఇప్పటి కాంటాక్టులోని గాజుగొట్టపు రీడ్ స్విచ్ 1936లో బెల్ ప్రయోగశాలలో ఎల్‌వుడ్ కనిపెట్టినది. ఒకే జాగ్రత్త. ఇళ్ల కిటికీలకు పెట్టే చిన్న కాంటాక్టును ఇనుప తలుపుకో, షట్టరుకో బిగిస్తే ఇనుము అయస్కాంతపు బలాన్ని తాగేస్తుంది. వానకు కుంగి ఎండకు వంగే పొలం తలుపులకు ఎక్కువ ఎడం ఓర్చుకునే, లోహపు తొడుగున్న షట్టరు కాంటాక్టే కావాలి.

బయట పెట్టే తక్కిన వాటి గురించి ఎక్కువ చెప్పను. రెండు స్తంభాల మధ్య కనిపించని కిరణం పరిచే బీమ్ సెన్సార్లు గట్టి నేలలో, కోసిన గడ్డిలో పనిచేస్తాయి. నల్లరేగడి వేసవిలో పగిలి వానల్లో ఉబ్బుతుంది. కడీలు ఒరుగుతాయి, కిరణం గురి తప్పుతుంది. రేకు మీద పెట్టే కంపన సెన్సారుకు మన తెలంగాణ పల్లెలో కోతులను మించిన శత్రువు లేదు. భూమిలో పాతే జియోఫోన్లను గురించి ఒక పెద్దాయన నన్ను అడిగారు. అడగటంలో వింత లేదు. మా పక్కనే హబ్సిగూడలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉన్నది, భూమికి చెవి ఆన్చి వినటం ఈ ప్రాంతపు వృత్తి. అయస్కాంతం చుట్టూ వేలాడే తీగచుట్ట అడుగుల చప్పుడును పట్టుకోగలదు. కాని పక్క చేలో ట్రాక్టరు, గట్టు మీద బర్రె, మన బోరు మోటారు కూడా అడుగులు వేస్తూనే ఉంటాయి. తడి నేల ఒకలా, ఎండు నేల మరొకలా పలుకుతుంది. సరిహద్దు కాపలాకు తగినది, మూడెకరాల చెలకకు కాదు.

మన పూర్వులకు సెన్సార్లు లేవనుకోవటం పొరపాటు. హాలుని గాథాసప్తశతిలోనే పైరు కావలి కాసే స్త్రీలు కనిపిస్తారు. మంచె మన భాషలో ఇంకా సజీవమైన మాట. తీగకు కట్టిన ఖాళీ డబ్బాలు, కుక్క, గిన్నెకోళ్లు, ఇవన్నీ తారులే. తీతువు అర్ధరాత్రి అరిస్తే చావు కబురని భయపడతారు గాని, నేల మీద గూడు పెట్టుకునే ఆ పిట్ట తన గుడ్ల వైపు ఎవరో నడిచివస్తున్నారని అరుస్తుంది. పొలంలో ఎవరో తిరుగుతున్నారని ఉచితంగా చెప్పే ప్రాణిని అపశకునం చేసి కూర్చున్నాము. అయితే ఈ తారులన్నీ ఎందుకు పనిచేశాయి? మంచె మీద మనిషి ఉన్నాడు గనుక. వినే చెవి అరుపు వినబడేంత దగ్గరలో ఉన్నది గనుక.

ఇప్పుడు వినే చెవి ఎక్కడున్నది? భువనగిరి దగ్గరి కొట్టం మోగితే నలభై కిలోమీటర్ల అవతల తార్నాకలో దిండు కింద ఫోను గుర్‌మంటుంది. డల్లాస్‌లో ఉండి ఇక్కడి పొలం చూసుకునే మిత్రులు కూడా ఉన్నారు. ఇక్కడ రాత్రి రెండు గంటలంటే అక్కడ మధ్యాహ్నపు మీటింగు వేళ. లేచి, కళ్లద్దాలు వెతుక్కుని, 112కు ఫోను చేసి, ఏ ఊరి శివారో, ఏ బాట పక్కనో వివరించేసరికి కేబులు చుట్ట కట్టటం పూర్తవుతుంది. ఫోను చేరటం కూడా అంత తేలిక కాదు. చవక అలారం పెట్టెలు చాలావరకు 2జీ సిమ్‌తోనే పనిచేస్తాయి; 2జీ లేని జియో సిమ్ వాటిలో పనికిరాదు, కొనేముందు ఇది అడగాలి. అంతకంటె నేను చెప్పేది వేరు. గంట మీ ఫోనులో కాదు, పొలానికి పావు మైలులో ఉన్న రైతు ఇంట్లో మోగించండి. మన దేశంలో లైసెన్సు అక్కరలేకుండా వాడుకోదగిన 865 మెగాహెర్ట్జ్ పట్టీలో పనిచేసే చిన్న రేడియోలు వచ్చాయి. యాంటెనాను రేకుల బయట పెడితే బయలు పొలంలో ఆ దూరం వాటికి లెక్కే కాదు. సిమ్ లేదు, నెల బిల్లు లేదు, టవరు మీద ఆధారం లేదు. మీ ఫోనుకు కూడా వస్తే రానివ్వండి, సంతోషం.

ఈ మాటలు ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పనికిరాని అలారం తరువాత మనిషి ఏం చేస్తాడో నాకు తెలుసు గనుక. రెండుసార్లు కేబులు పోయి, సెన్సారు మోగక, విసిగిపోయినవాడికి ఎవరో ఒకరు చెవిలో చెబుతారు: "తీగకు కరెంటు పెట్టు, ఒక్కడు పడితే మళ్లీ ఎవడూ రాడు." అడవిపందుల కోసమని మన పల్లెల్లో ఇదివరకే ఈ అలవాటు ఉన్నది. ఆ తీగలకు పడి చనిపోయినవారి వార్తలు ఏటేటా జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాము. చనిపోయేది దొంగ కాదు. రాత్రి తన మడికి నీళ్లు పెట్టుకోవటానికి అడ్డదారిన వచ్చిన పక్క పొలం రైతు, మేకను వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడు, మరిచిపోయి తానే అటు నడిచిన యజమాని. ఒకవేళ దొంగే అయినా సరే, వైరు ముక్కకు మరణశిక్ష వేసే అధికారం మనకెవరిచ్చారు? బీహారులో ఒకాయన తన మరుగుదొడ్డి దారిలో కరెంటు తీగ పెట్టగా పొరుగింటి స్త్రీ ప్రాణం పోయిన చెరూబిన్ గ్రెగరీ కేసులో సుప్రీంకోర్టు 1963లోనే తేల్చి చెప్పింది: అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన మనిషి చట్టానికి వెలి కాడు, అతడికి కావాలని హాని తలపెట్టే హక్కు స్థలం యజమానికి లేదు. శిక్షనూ ఖాయపరచింది. సోలారు కంచెలు ఇది కాదు. అవి సెకనుకు ఒకటి చొప్పున అతి స్వల్పమైన తోపులు మాత్రమే ఇచ్చే యంత్రంతో నడుస్తాయి, ఝాడించి వదిలేస్తాయి. ఇంటి లైను నుంచి లాగిన తీగ వదలదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "మేమూ కంచెకు కరెంటే పెట్టాం" అని ప్రాంగణంలో నవ్వుతూ చెప్పుకున్న పెద్దమనిషిని విన్న నాడే ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది.

ఇక జీతం. పాత కావలి వ్యవస్థను నేను పొగడను. నిజాం నాటి పల్లెల్లో కావల్‌కారు, నీరడి, సేత్‌సింధి అన్నవి వినసొంపైన పేర్లే గాని, వాటి వెనుక పుట్టుకతో అంటగట్టిన వెట్టి ఉన్నది. ఊరి పంటను రాత్రంతా కాసినవాడికి తెల్లవారి ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గర చోటు లేదు. ఆ పరంపరలో చివరిదైన గ్రామ రెవెన్యూ సహాయకుల వ్యవస్థను తెలంగాణలో 2023లో రద్దు చేసి, వారిని వేరే శాఖలలో సర్దారు. మంచిదే. నేను అడిగేది వెట్టి కాదు, పనికి తగిన జీతం. ఒక్కరికి భారమైతే గట్లు కలిసిన నాలుగు పొలాల వారు పంచుకోవచ్చు. ఆ దాపులనే ఇల్లున్న రైతుకు, ఏడాదికింతని ముందే మాట్లాడుకుని, చేతిలో మంచి టార్చిలైటు పెట్టి, గంట అతడి ఇంట్లో పెట్టండి. అతడు ఒంటరిగా వెళ్లి దొంగను పట్టుకోవలసిన అవసరం లేదు, పట్టుకోమని మనం అడగనూ కూడదు. లైటు వేసి, నలుగురిని కేకేస్తే చాలు. తీగ కోయటానికి వచ్చినవాడు కొట్లాటకు రాడు. కావలివాడు దొంగతో కలిసిపోతాడంటారు. కరువులో కూలిచ్చినట్లు ఇచ్చి, ఇల్లు ఖాళీ చేయించి, పిల్లల బడి మాన్పించినవాడితో అతడు ఎందుకు కలిసి ఉండాలో మాత్రం చెప్పరు.

ఇప్పటికే తెల్ల డబ్బాలు బిగించుకున్నవారు వాటిని పీకి పారేయనక్కరలేదు. డిసెంబరు ఉదయం వచ్చి, మీ ముందు గదిలో అటూ ఇటూ నడిచి, ఎర్రదీపం వెలగటం చూపించి డబ్బు పుచ్చుకుపోయినవారి పరీక్షను మాత్రం పరీక్షగా లెక్కపెట్టకండి. మే నెలలో, ముందునాడు వాన పడని రోజు చూసుకుని, రాత్రి ఎనిమిది గంటలకు పొలానికి వెళ్లండి. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు తీయించి, గంటసేపు ఆగండి. నిండా గొంగడి కప్పుకున్న మనిషిని తలుపు నుంచి సెన్సారు వైపు నేరుగా, మెల్లగా నడవమనండి. తరువాత అతడినే బయట బోరు దగ్గరికి పంపి, కేబులు పట్టుకుని లాగమనండి. ఆ రెండు సమయాలలో ఏ ఇంట్లో ఏ గంట మోగిందో, ఎవరు లేచి ఎన్ని నిమిషాలకు వచ్చారో ఒక కాగితం మీద రాసుకుని, మరునాడు ప్రాంగణంలో నడకకు వచ్చేటప్పుడు జేబులో పెట్టుకురండి.